కన్ను అదిరితే శకునమా?

మగవారికి కుడి కన్ను అదిరితే మేలు, ఎడమ కన్ను అదిరితే కీడు అనే మాట మన ముస్లిముల ఇళ్లలోనూ వినిపిస్తూనే ఉంది. ఆ మధ్య మా మొహల్లాలో ఒక పెద్దాయన కూతురి సంబంధం ఖాయం చేసుకోవడానికి బయలుదేరి, గుమ్మం దగ్గరే ఆగిపోయారు. మూడు రోజులుగా ఎడమ కన్ను కొట్టుకుంటోందట!

"రాత్రులు నిద్ర పడుతోందా భాయ్?" అని అడిగాను.

"పెళ్లి ఖర్చుల దిగులుతో నిద్ర ఎక్కడిది మౌల్వీ సాబ్?" అన్నారు.

చైనా సంప్రదాయ వైద్యుడైనా ఇదే అడుగుతాడు. సుమారు రెండు వేల ఏళ్ల నాటి వారి మూలగ్రంథం 'హువాంగ్ డి నీజింగ్' వణుకును, తల తిరగడాన్ని కాలేయానికీ, 'గాలి'కీ ముడిపెట్టింది. వారి లెక్కలో కాలేయం రక్తాన్ని నిల్వ చేస్తుంది, స్నాయువులను పోషిస్తుంది. దాని ద్వారం కన్ను. దిగులు, అలసట వల్ల రక్తం తగ్గితే లోపల గాలి పుడుతుంది. గాలికి చెట్టు ఆకులు కదిలినట్టు కండ అదురుతుంది. అందుకే రక్తపుష్టికి తెల్ల పియోనీ వేరు ఇస్తారు. పాదం మీద బొటనవేలికీ పక్క వేలికీ నడుమ, కాస్త పైన ఉండే 'తైచోంగ్' అనే చోట సూది గుచ్చుతారు.

చైనా జనంలోనూ శకునం ఉంది. అయితే అక్కడ ఎడమ కన్ను అదిరితే ధనం, కుడి కన్ను అదిరితే ఆపద! ఒకే కన్ను ఇక్కడ కీడు, అక్కడ ధనం ఎలా అవుతుంది?

మన యూనానీ హకీములు దీన్ని 'ఇఖ్తిలాజ్' అన్నారు. కండలో చిక్కుకున్న చిక్కటి గాలే కారణమని ఇబ్నె సీనా 'అల్ ఖానూన్'లో రాశారు. ఆయుర్వేదం వాతం అంటుంది. అందరూ గాలినే పట్టుకోవడం విచిత్రమే. అవయవాల అదురును బట్టి భవిష్యత్తు చెప్పే పుస్తకాలు అరబ్బీలోనూ వచ్చాయి, దాచడమెందుకు! విద్య కోసం చైనాకైనా వెళ్లమనే హదీసు బలహీనమైనదని ముహద్దిసులు తేల్చారు. కానీ 1313లో తబ్రీజ్‌లో వజీరు రషీదుద్దీన్ చైనా వైద్యాన్ని ఫార్సీలోకి తెప్పించిన పని మాత్రం గట్టిదే.

ఆ 'గాలి'ని నేటి పరీక్షలేవీ చూపలేదు. అలసట, నిద్రలేమి, మితిమీరిన టీ కాఫీలు కారణమని, చాలావరకు దానంతటదే పోతుందని డాక్టర్లు అంటారు. అదురు చెంపకూ నోటికీ పాకినా, కండ బలహీనపడినా నరాల డాక్టరుకు చూపించాలి. శకునం పట్టుకు కూర్చునేవారు ఆలస్యం చేసేది సరిగ్గా ఇక్కడే. దైవప్రవక్త (స) శకునాలను తోసిపుచ్చారు, జబ్బుకు వైద్యం చేయించుకోమన్నారు. జుమా ఖుత్బాలలో ఈ మాట ఎన్నిసార్లు వినలేదు మనం?

పెద్దాయన కన్ను నాలుగు రోజులకు ఆగింది. మగపెళ్లివారు అప్పటికే వేరే ఇంటికి మాట ఇచ్చేశారు.