నొప్పి నోరు మూయించే ముందు

కాలిలో ముల్లు విరిగిందనుకోండి. తెల్లవారేసరికి ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, సలుపుతుంది. "ఒక బిళ్ళ వేసుకో, అదే తగ్గిపోతుంది" అంటారు ఇంట్లో ఎవరో ఒకరు. విద్యార్థులారా! ఆ బిళ్ళ ముల్లును తీయదు, క్రిములను చంపదు. మరి ఏం చేస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు జంతువుల ద్వారానే తెలిసింది. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసిన కారజీనన్ అనే పదార్థాన్ని ఎలుక పాదంలోకి ఎక్కిస్తే కొద్ది గంటల్లో పాదం వాస్తుంది. ముందుగా మందు ఇచ్చిన ఎలుకకు వాపు తక్కువగా వస్తుంది. 1962లో వెలువడిన ఈ పద్ధతితో ఎన్నో మందులను పరీక్షించారు. 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ గినీపిగ్ ఊపిరితిత్తుల కణజాలంతో ప్రయోగాలు చేసి అసలు కిటుకు కనిపెట్టాడు. ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. ఇవి కణజాలాలు తయారుచేసే రసాయన సందేశాలు. రక్తనాళాలను వెడల్పు చేసేవి, నొప్పిని పెంచేవి, మెదడులో జ్వరాన్ని రగిలించేవి ఇవే. ఈ కృషికి 1982లో ఆయన మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

అంటే, దొంగలు పడ్డారని కేకలు వేసేవాడి నోరు మూయించినట్టే. కేక ఆగింది. మరి దొంగ?

1976లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం చూడండి. ఎడారి ఇగ్వానా తొండ వంటి జీవి. క్రిములు సోకితే అది వెచ్చని చోటికి పోయి ఒళ్ళు వేడెక్కించుకుంటుంది. అదే దాని జ్వరం. అలాంటి 12 జీవులకు క్రిములతోపాటు జ్వరం తగ్గించే శాలిసిలేట్ మందు కూడా ఎక్కించారు. మందు పడినా 5 జీవులకు జ్వరం వచ్చింది, అవి బతికాయి. జ్వరం రాని 7 జీవులూ చనిపోయాయి!

అలాగని మందులు చెడ్డవని నేననను. కొన్ని కీళ్ళ జబ్బులలో దొంగ లేకుండానే శరీరం కేకలు వేస్తుంది. అక్కడ ఈ మందులు వరమే. పైగా ఇగ్వానాకు జరిగినదే మనకూ జరుగుతుందని చెప్పలేం. పశువులకు మేలు చేసిన డైక్లోఫెనాక్, వాటి కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి చంపింది. అందుకే 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. ఒక ప్రాణికి మందైనది మరో ప్రాణికి విషం కావచ్చు. పెద్దలు వాడే ఆస్పిరిన్‌ను ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఇవ్వకూడదని వైద్యులు చెబుతారు.

పరీక్షల రోజుల్లో జేబులో బిళ్ళలు పెట్టుకొచ్చే పిల్లలను ఏటా చూస్తున్నాను. వారికి చెప్పేదే మీకూ చెబుతున్నాను. జ్వరం, వాపు వస్తే దాచకండి, పెద్దలకు చెప్పండి, వైద్యుడికి చూపించండి. బిళ్ళ అవసరమో కాదో ఆయన చెబుతాడు. కానీ మీ అంతట మీరు బిళ్ళ మింగబోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నా శరీరం ఎందుకు కేక వేస్తోంది? ముల్లు తీయకుండా నొప్పిని మాత్రమే తగ్గించుకోవడం వైద్యం కాదు.