కాడిలో పోట్లాట: పొగరు అనే ముందు నొప్పిని వెతకాలి

దుక్కిలో గాని, గుంటుక తోలేటప్పుడు గాని జోడు ఎద్దుపై కొమ్ము విసిరే ఎద్దును మన గ్రామాలలో పొగరుబోతు అంటారు. దానికి తెలిసిన చికిత్సలు రెండే: ములుకర్ర, లేదా అంగడి. మొదటిది నొప్పిపై నొప్పిని చేరుస్తుంది. రెండవది సమస్యను మరొక రైతు కొట్టానికి పంపుతుంది. ఈ ప్రవర్తనను దుర్గుణంగా గాక ఒక లక్షణంగా పరిశీలించే పద్ధతి మన విస్తరణ బోధనలో చేరాలని ఈ వ్యాసం ఉద్దేశం.

ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఈ చర్చ దేనికని కొందరు అడగవచ్చు. దుక్కి చాలావరకు ట్రాక్టరుకు మారిన మాట నిజమే. అయినా ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చల్క నేలలలో పత్తి, ఆముదం, కంది సాళ్ల నడుమ అంతరకృషికి అరకతో పని తీరిపోలేదు. వాన వెలిసి నేల పదునుకు వచ్చాక గుంటుక తోలడానికి దొరికే వ్యవధి స్వల్పం. ఆ సమయంలో ఒక ఎద్దు పక్కదానిని నెట్టితే గుంటుక సాలు తప్పుతుంది, మొక్కలు తెగుతాయి, కలుపు మిగులుతుంది, తోలే మనిషికీ ప్రమాదమే. జోడు చెడిన చిన్న రైతుకు ఆ అదను తిరిగి రాదు.

కారణాన్ని కాడి నిర్మాణంలోనే చూడవచ్చు. పశువుల మందలో పెద్దరికం ఉంటుంది. తగ్గి ఉండే పశువు పక్కకు తొలగి పోట్లాటను తప్పించుకుంటుంది. కాడి కట్టగానే ఆ తొలగే అవకాశం పోతుంది. కొత్తగా కొన్న ఎద్దును పరిచయం లేకుండా పాత ఎద్దు పక్కన కట్టితే, మందలో కొన్ని రోజులలో తేలవలసిన పెద్దరికం సాలులోనే తేలాలి. నల్లమల అంచున అమ్రాబాద్ ప్రాంతంలో మందలుగా పెరిగిన పొడ తూర్పు గిత్తలు కురుమూర్తి జాతరలో చేతులు మారి నేరుగా మెట్ట పొలానికి వస్తాయి. 2020లో ప్రత్యేక జాతిగా గుర్తింపు పొందిన ఈ పశువుల పనితనాన్ని మొదటి వారపు చిరాకును బట్టి నిర్ణయించడం న్యాయం కాదు.

ఇక బరువు సంగతి. గుంటుక కర్రను కాడికి బిగించే చోటు నడిమి నుంచి జరిగితే, ఆ చోటుకు దగ్గరగా ఉన్న ఎద్దుపై ఎక్కువ భారం పడుతుంది. బలహీనమైన ఎద్దుకు వెసులుబాటు కల్పించడానికి అనుభవజ్ఞులైన రైతులు ఈ సూత్రాన్నే వాడుకుంటారు. తెలియక జరిగితే అదే సూత్రం ఒక ఎద్దు మెడను పుండు చేస్తుంది. ఎత్తులో సమానం కాని జోడులో కాడి ఒరిగి ఇదే ఫలితం కలుగుతుంది. మెడ మండుతున్న ఎద్దు తన కోపాన్ని చూపగలిగేది అందుబాటులో ఉన్న జోడు మీదనే.

ఈ విషయంలో గుర్రాలపై జరిగిన పరిశోధన మనకు దారి చూపుతుంది. స్వారీలో ఉండగా మరో గుర్రం దగ్గరకు రాగానే చెవులు వెనక్కు వాల్చి, పళ్లు చూపే గుర్రాన్ని అక్కడా చాలాకాలం చెడ్డ స్వభావం కలదనే అన్నారు. బ్రిటన్‌కు చెందిన పశువైద్య శాస్త్రవేత్త స్యూ డైసన్, ఆమె సహచరులు 2018లో స్వారీ గుర్రాలలో నొప్పిని సూచించే 24 ప్రవర్తనల పట్టికను ప్రకటించారు. వాటిలో 8 లేదా అంతకు మించి కనిపిస్తే ఎముకలు, కండరాలలో నొప్పి ఉండే అవకాశం ఎక్కువని వారు చూపారు. వెనక్కు వాలిన చెవులు ఆ పట్టికలో ఒకటి. ఈ పట్టికను యథాతథంగా ఎద్దుకు వర్తింపజేయలేము. ఎద్దుకు తగిన పట్టికను ఇక్కడి నేలపై, ఇక్కడి జాతులతో మనమే తయారు చేసుకోవాలి.

అంతవరకు రైతుకు చెప్పదగిన క్రమం ఒకటి ఉంది. ముందుగా కాడి విప్పి మెడ, మూపురం, ముకుతాడు రాసుకునే చోటు, గిట్టలు తడిమి చూడాలి. తరచుగా తల విదిలించడం, కొమ్మును రాసుకోవడం, ఒకవైపు ముక్కు నుంచి స్రావం కారడం ఉంటే కొమ్ము క్యాన్సర్‌ను అనుమానించి పశువైద్యునికి చూపాలి. ఒక కంటి చూపు తగ్గిన ఎద్దు ఆ వైపున కదిలే జోడుకు బెదురుతుంది. దానిని దాపటి నుంచి వలపటికి, లేదా వలపటి నుంచి దాపటికి మార్చి చూడవచ్చు. తరువాత పని వేళలు చూడాలి. 1965 నాటి కేంద్ర నియమాల ప్రకారం పనిపశువును రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పనిలో ఉంచరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పని చేయించరాదు.

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే శిక్షణ మాట. రెండింటినీ కొమ్ము అందని దూరంలో పక్కపక్కన కట్టి, వేరువేరు గాడులలో మేత వేయాలి. తరువాత బరువు లేకుండా కాడితో నడిపించి, క్రమంగా తేలిక పనికి, ఆపై గుంటుకకు తేవాలి. కొమ్ము విసిరిన క్షణంలో కొట్టితే, జోడు దగ్గరుంటే దెబ్బ పడుతుందనే ఎద్దు నేర్చుకుంటుంది. ముందుకు నడిపించి పనిలో పెట్టడం మేలు.

నొప్పి లేకపోయినా, ఓపికతో అలవాటు చేసినా మారని ఎద్దులు కొన్ని ఉంటాయి. వాటిని కాడి నుంచి తప్పించవలసిందే. అమ్మవలసివస్తే ఆ గుణాన్ని కొనేవానికి చెప్పి అమ్మాలి.

పాలెం, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు పశువైద్య విశ్వవిద్యాలయంతో కలిసి ఒక పుటలో పరిశీలనా పట్టికను తయారు చేయడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గ్రామాలలో అనుభవ శిక్షణకు వెళ్లే విద్యార్థులు తాము చూసిన ప్రతి జోడుకూ ఆ పట్టికను నింపితే, కొన్ని వానాకాలాలలో మన ప్రాంతానికి చెందిన సమాచారం పోగవుతుంది. పొగరు అన్న మాటను ఎక్కడ వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో అప్పుడు ఆధారంతో చెప్పగలం.