ఓర్వకల్లు సంపదలో ఊరి వాటా ఎంత?

2025 అక్టోబరు 16న ప్రధానమంత్రి కర్నూలుకు వచ్చి ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక వాడలకు శంకుస్థాపన చేశారు. రెండింటికీ కలిపి రూ.4,920 కోట్లు. ఓర్వకల్లు ఒక్కదానికే 2,621 ఎకరాలు, 45 వేల ఉద్యోగాలు అన్నది 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాటి లెక్క. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరున్న విమానాశ్రయం 2021లో తెరుచుకుంది. పాలకొలను దగ్గర రక్షణ పరిశోధన సంస్థ ప్రయోగ క్షేత్రం ఉంది. శకునాల, గని పొలిమేరల్లో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017 నుంచీ కరెంటు ఇస్తోంది.

కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక దగ్గర నుంచి సీమ తన వాటా కోసం అడుగుతూనే ఉంది. ఇన్నాళ్లకు పెట్టుబడి ఈ దారి పట్టింది. దాన్ని కాదనడానికి ఎవరికీ నోరు రాదు, రాకూడదు కూడా. అయితే వాటా అడిగిన సీమలోనే, పెట్టుబడి దిగిన ఊరికి ఎంత వాటా దక్కుతోందన్న ప్రశ్న ఇప్పుడు వేయకపోతే ఇంకెప్పుడూ వేయలేం. ప్లాట్లు పంచేశాక షరతులు పెట్టడం కుదరదు.

విమానాశ్రయం కన్నా ఎంతో ముందే ఓర్వకల్లు పేరు దేశం దాటింది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకాన్ని అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లాలో 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం వేడి ఇంకా చల్లారని కాలమది. సారా కొట్టుకు పోయే రూపాయిని ఆడవాళ్లు పొదుపు పుస్తకంలోకి మళ్లిస్తున్నారు. ఓర్వకల్లు మండలంలో కూలికి పోయే ఆడవాళ్లు అలా రూపాయి రూపాయి కూడబెట్టి సంఘాలు కట్టారు. ఆ సంఘాలు ఊరికొక గ్రామైక్య సంఘంగా, అవన్నీ కలిసి ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘంగా ఎదిగాయి. విజయభారతి వంటి నాయకురాళ్లు ముందు నిలిచిన ఈ సంఘం అప్పులిచ్చి వసూలు చేసుకోవడంతో ఆగిపోలేదు. పనికి పోతున్న పిల్లల్ని బడి బాట పట్టించింది, బాల్యవివాహాలను అడ్డుకుంది, బాలభారతి పేరుతో సొంతంగా పాఠశాల నడిపింది. తర్వాత వచ్చిన వెలుగు, ఇందిరా క్రాంతి పథం, 2011 నాటి జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఈ పునాది మీద నిలబడినవే.

అక్కడ జరిగిన మార్పులో అసలు కీలకం వడ్డీ లెక్కలో ఉంది. షావుకారుకు కట్టే వడ్డీ ఊరు దాటిపోతుంది. సంఘానికి కట్టే వడ్డీ సంఘం నిధిలోనే చేరి, రేపు ఇంకో సభ్యురాలికి బర్రె కొనడానికో, కూతురి చదువుకో అప్పుగా వెళ్తుంది. ఎవరికి ఎంత ఇవ్వాలో తీర్మానం రాసేది కూడా ఆ ఆడవాళ్లే. చిన్న మొత్తాలే అయినా వాటి యాజమాన్యం పేదలది. సమ్మిళిత అభివృద్ధి అని పెద్ద సభల్లో చెప్పుకునే దానికి నాకు తెలిసిన గట్టి నమూనా ఇదే.

ఇప్పుడు సౌర పార్కు చూడండి. దాదాపు 6 వేల ఎకరాలు. కట్టేటప్పుడు వందల మందికి పని దొరుకుతుంది, కట్టడం అయిపోయాక కాపలా, పలకలు కడగడం, గడ్డి కోయడం మిగులుతాయి. ఏటా వచ్చే రాబడి మాత్రం కంపెనీ ఖాతాకే. భూమి ఇచ్చిన వాడికి ఒక్కసారి పరిహారం అందుతుంది. అది ఇంటికో, పెళ్లికో, పాత అప్పుకో సరిపోతుంది. ప్రభుత్వం పేదలకు పంచిన ఎసైన్డ్ భూమి అయితే ఆ పరిహారం కోసమే పోరాడాలి. అలాంటి భూములకూ పట్టా భూములతో సమానంగా ధర కట్టాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేకల పాండు కేసులో 2004లోనే తేల్చింది.

పట్టాయే లేనివాళ్ల సంగతి మరీ దారుణం. 2013 భూసేకరణ చట్టం కౌలుదార్లను, కూలీలను కూడా ప్రభావిత కుటుంబాలుగా గుర్తించింది. అయితే ప్రభుత్వ భూమిని నేరుగా బదలాయించినప్పుడు అది సేకరణ కిందికే రాదు. ఆ బీడులో గొర్రెలు మేపుకునేవాడు ఏ జాబితాలోనూ కనిపించడు.

ఇలాంటి తేడాలు కాలంతో సర్దుకుంటాయన్న వాదన ఒకటుంది. ఆర్థిక పెరుగుదల తొలినాళ్లలో అసమానత పెరిగి, తర్వాత తానే తగ్గుతుందని 1955లో ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ సూచించాడు. తన మాటలో ఎక్కువ భాగం ఊహేనని ఆయనే ఒప్పుకున్నాడు. మన పాలకులు మాత్రం దాన్ని ప్రకృతి నియమంలా నమ్ముతున్నారు. 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందికే చేరిందని ప్రపంచ అసమానతల పరిశోధనశాల లెక్క తేల్చింది. మూడు దశాబ్దాల సంస్కరణల తర్వాత కూడా అసమానత గీత కిందికి వంగలేదు.

అది తానే వంగదు కనుక షరతులు పెట్టాలి. దక్షిణాఫ్రికా 2011 నుంచి పవన, సౌర విద్యుత్ వేలంపాటల్లో ఒక షరతు పెట్టింది. చుట్టుపక్కల జనానికి ప్రాజెక్టులో కనీసం 2.5 శాతం వాటా ఉండాలి. అక్కడ చిక్కులు లేకపోలేదు. ముందు బ్యాంకుల అప్పు తీరాలి కనుక లాభం చేతికి రావడం ఆలస్యమైంది, కొత్తగా పెట్టిన ట్రస్టులు చాలాచోట్ల కుదురుకోలేదు. ఓర్వకల్లులో ఆ రెండో చిక్కు ఉండదు. లెక్కలు రాయడం, తీర్మానాలు చేయడం, అప్పు వసూలు చేయడం తెలిసిన పొదుపులక్ష్మి సమాఖ్య మూడు దశాబ్దాలుగా ఇక్కడ ఉంది. మండల సమాఖ్యలను 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదు చేసుకునే వీలుంది కాబట్టి వాటాలు పట్టుకోవడానికి చట్టబద్ధమైన గుర్తింపూ దొరుకుతుంది.

ఉద్యోగాల మాట వేరు. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలివ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. చట్టం ఉన్నంత మాత్రాన వెల్డరు పుట్టడు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా సుగ్గికి, అంటే వలస కూలికి పోయే కుటుంబాలు ఇప్పటికీ పిల్లల్ని బడి మాన్పించి గుంటూరు మిరప తోటలకు వెంటబెట్టుకుపోతున్నాయి. ఆ పిల్లలకు జిల్లాలోనే సీజన్ హాస్టళ్లు, ఆ యువకులకు ఫ్యాక్టరీ మొదలయ్యే రెండేళ్ల ముందే శిక్షణ ఇవ్వకపోతే 45 వేల ఉద్యోగాలు బయటి కాంట్రాక్టర్ల మనుషులతో నిండిపోతాయి. నీళ్లదీ అంతే. 2025 మార్చిలో ఉప ముఖ్యమంత్రి ఓర్వకల్లు మండలంలోని పూడిచెర్లలో నీటి కుంటల పథకానికి శ్రీకారం చుట్టారు. పరిశ్రమకు పైపులైన్, పొలానికి వాన కుంట అన్న విభజన స్థిరపడకూడదు.

ప్రభుత్వం చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. సౌర, పవన ప్రాజెక్టులకు భూమిని అమ్మకుండా కౌలుకిచ్చి, ఏటేటా పెరిగే కౌలును భూమి కోల్పోయిన కుటుంబాలకు చెల్లించాలి. ప్రతి ప్రాజెక్టులో మండల సమాఖ్యకు వాటా ఉండాలి. మేత బీళ్లు పోయిన కాపరులను, కౌలుదార్లను ఊరూరా గ్రామసభలో లెక్కగట్టాలి. ఏ ఊరి నుంచి ఎందరికి ఏ ఉద్యోగం వచ్చిందో ఏటా పంచాయతీ గోడ మీద అంటించాలి. ఈ షరతులు కేటాయింపు పత్రాల్లో రాయనిదే రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ ఓర్వకల్లులో ఇంకొక్క ఎకరం కూడా ఎవరికీ ఇవ్వకూడదు.