టీకా: ఉభయపక్షముల విచారణ

ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి చెలరేగినపుడెల్ల టీకాను శంకించువారు 1976వ సంవత్సరమును సాక్ష్యముగా చూపుచుందురు. ఆ యేట అమెరికాలో ఒక సైనికశిబిరమున పొడసూపిన స్వైన్ ఫ్లూకు వెరచి సుమారు నాలుగున్నర కోట్లమందికి టీకాలు వేసిరి. రోగము వ్యాపింపలేదు, టీకా పొందినవారిలో ఇంచుమించు లక్షకొకరికి గులియన్ బారీ యను నరములవ్యాధి మాత్రము అదనముగా కలిగెను. డిసెంబరులో ప్రభుత్వము టీకాలను నిలిపివేసెను. అది న్యాయమే. రాని రోగమునకై స్వల్పాపాయమైనను ఏల కొనితెచ్చుకొనవలెను?

కాని ఆ తీర్పు 2009వ సంవత్సరమునకు వర్తింపదు. ఆ జూన్ 11వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ మహమ్మారిని ప్రకటించునాటికే రోగము ఖండములు దాటినది. యౌవనస్థులను, గర్భిణీస్త్రీలను సైతము బలిగొన్నది. వేరొక సాక్ష్యమును గలదు. గులియన్ బారీ ఇన్‌ఫ్లుయెంజా రోగమువలనను కలుగును. టీకావలనకంటె రోగమువలననే అధికముగా కలుగునని పరిశోధనలు తెలుపుచున్నవి. ఏకపక్షసాక్ష్యము విని తీర్పు చెప్పుట విద్యావంతులకు తగునా?

కావున విచారింపవలసినది టీకాలో అపాయము కలదా యని కాదు. రోగము వాకిటనున్నపుడు ఏ యపాయము పెద్దదియని. ఆరుమాసములు నిండని శిశువునకు ఈ టీకా వేయరు. అట్టి బిడ్డ యింటనున్నచో, టీకా మానిన పెద్దలు తమ తీర్పును ఆ బిడ్డపైనను అమలుపరచుచున్నారని మరువరాదు.