పెన్సిలు ముక్క, వేపచెట్టు

మన విద్యార్థులలో బొమ్మలు వేయగలవారు లేకపోలేదు. నోటుపుస్తకాల చివరి పుటలు తిరగవేసిన ఏ అధ్యాపకునికైనా ఆ సంగతి తెలుసును. అక్కడ వేసిన ఆకుకు చీవాట్లు. అదే ఆకును వృక్షశాస్త్రపు రికార్డులో వేస్తే మార్కులు! ఈ తారతమ్యం నాకెన్నడూ బోధపడలేదు.

బొమ్మ అనగానే మన ఇళ్లలో పెద్దలు సంకోచిస్తారు. ఆ సంకోచాన్ని నేను తేలికగా చూడను. నా బాల్యంలో నేను వేసిన గుర్రాన్ని మా అబ్బాజాన్ స్వయంగా చెరిపివేశారు. అయితే, చిత్రాలు వేయడమే తన జీవనోపాధి అని విన్నవించుకొన్న ఒక వ్యక్తికి, చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకొమ్మని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. చెట్టు, గుట్ట, కోటగోడ—వీటికి ఆదోనిలో కొదవ ఏమున్నది?

కావలసినది పెన్సిలు ఒక్కటే. దానిలోనిది సీసమని మనవాళ్లు నేటికీ అంటారు గాని అది గ్రాఫైటు. యుద్ధకాలంలో ఇంగ్లండు గ్రాఫైటు దొరకక, దాని పొడిలో బంకమన్ను కలిపి కాల్చే పద్ధతిని 1795లో ఫ్రాన్సు దేశస్థుడు కాంటే కనిపెట్టాడు. మన్ను ఎక్కువైతే గీత గట్టిగా, లేతగా పడుతుంది. తగ్గితే మెత్తగా, నల్లగా పడుతుంది. కోటకొండ మీది గుండురాళ్ల అంచుకు హెచ్.బి. చాలును, వాటి సందులలోని చీకటికి 4బి కావాలి. వేపచెట్టును వేసేవారు ఆకులు లెక్కపెట్టరాదు. ముందు గుబురు ఆకారాన్ని, వెలుగు పడే వైపును చూచుకోవాలి. చాలామంది చెట్లు నేలలో నాటుకొని ఉండవు, గాలిలో వ్రేలాడుతుంటాయి. మొదలు దగ్గర నీడ వేయడం మరచిపోతారు.

చేతిలో ఫోను ఉండగా ఈ శ్రమ ఎందుకని అడుగుతారు. ఫోటో తీసినవానిని ఆ కొమ్మ మొదలునుండి ఎంత ఎత్తున చీలిందని అడగండి, చెప్పలేడు. గీసినవాడు చెప్పగలడు.

రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే డ్రాయింగు మాస్టరు కాడు. అయినను దామెర్ల రామారావును, అడివి బాపిరాజును గుర్తించి ప్రోత్సహించాడు. రామారావు 1925లో చిన్న వయసుననే మరణించినా, ఆంధ్రచిత్రకళ ఆయన పేరు విడిచి నడవలేదు.

కమిటీ పెద్దలను నేను కోరేది గదిని కాదు, కొత్త ఉద్యోగాన్ని కాదు. వారానికి ఒక సాయంత్రం, కొంత కాగితం, విద్యార్థులను కోట దిగువకు తీసుకొనిపోవడానికి అనుమతి. అసర్ తరువాత, మగ్రిబ్‌కు ముందు అయితే మేలు. నీడలు పొడవుగా పడే వేళ అది.