అరటి తోటలు – వర్తకుల బాధ్యత

మన తొండియార్‌పేటలో పెండ్లి వచ్చినను, పండుగ వచ్చినను గుమ్మమునకు అరటిచెట్టు కట్టనిదే శుభకార్యము జరుగదు. ఆ చెట్టు ఏ తోటనుండి వచ్చినది, దాని మొదటికంటిన మట్టిలో ఏమున్నది అని విచారించువారు మనలో అరుదు. విచారింపవలసిన కాలము వచ్చినది గనుక ఈ వారము ఈ సంగతిని పాఠకుల ముందుంచుచున్నాము.

అరటికి పనామా తెగులు అనునది కలదు. నేలలో నివసించు ఫ్యుజేరియం అను శిలీంధ్రము వేళ్ళద్వారా ప్రవేశించి చెట్టులోని నీటి నాళములను మూసివేయును. ముదురాకులు అంచులనుండి పసుపుబారి మానుచుట్టు వ్రేలాడును. మాను మొదట చీలును. కోసిచూచిన లోపల ఎఱ్ఱని చారలు కనబడును. ఇట్టి చెట్టును బ్రతికించు మందు లేదు. చెట్టు చచ్చినను శిలీంధ్రము చావదు. దశాబ్దములు మట్టిలో దాగియుండును.

మనకు ప్రియమైన అమృతపాణి, ఈ నాటివారు రస్తాలి యనునది, ఈ తెగులునకు సులభముగా లొంగును. గత శతాబ్దమున మధ్య అమెరికాలోని గ్రోమిషెల్ తోటలు దీనివలననే నశింపగా, తట్టుకొనగల కావెండిష్ జాతిని నాటుకొనిరి. ఇప్పుడు కావెండిష్‌ను సైతము చంపు టి.ఆర్.4 అను రకము బయలుదేరినది. అది 2015లో ఆస్ట్రేలియాలోని టల్లీ ప్రాంతమునను, 2019లో కొలంబియాలోను కనబడినది. మన దేశమున బీహారు, ఉత్తరప్రదేశ్ తోటలలో ప్రవేశించినది. కడపలోను, తేనిలోను విస్తారముగా పెంచు గ్రాండ్ నైన్ కూడ కావెండిష్ జాతియే యని మరువరాదు.

ఈ తెగులు పిలకలతోను, పారునీటితోను, మట్టితోను పోవును. అనగా దానిని దూరము మోయువారు ముఖ్యముగా మనుష్యులే. ఇచటనే వర్తకుల మాట వచ్చుచున్నది. గెలలు కోయుటకు కూలీలను పంపువారము మనమే. వారు ఉదయమొక తోటలో, మధ్యాహ్నమొక తోటలో, అదే కత్తితో, అదే చెప్పులతో తిరుగుదురు. లారీ తోటలోనికే పోవును. ఒక రైతు కష్టమును చక్రములకంటించుకొనిపోయి మఱియొక రైతు పొలమున దింపుట మనకు ధర్మము కాదు.

జాగ్రత్తలు తీసికొన్నచో కూలి పెరుగును, ఆలస్యమగునని కొందఱందురు. నిజమే. కాని ఆ ఖర్చు ఒక పూటది. నేల చెడిన నష్టము ఒక తరముది. రైతు చెడిన పిమ్మట వర్తకుడు బాగుపడిన ఊరు లేదు.

కావున మా మనవి యిది. లారీని తోట బయటనే నిలిపి గెలలను మోయించవలెను. కత్తులను, చెప్పులను, గడ్డపారలను ముందు మట్టిపోవునట్లు తోమి కడిగి, పిమ్మటనే శుద్ధిచేయు మందులో ముంచవలెను. మట్టి అంటియుండగా మందు సరిగా పనిచేయదు. అనుమానమున్న తోటలో కడపటనే కోయించవలెను. ఆ తోటనీరు దిగువ పొలమునకు పారకుండ కట్టవలెను; చచ్చిన చెట్లను కాలువలో వేయరాదు. బంధువుల తోటనుండి పిలకలు తెచ్చు అలవాటును మాని, నమ్మదగిన చోట పెంచిన టిష్యూకల్చర్ మొక్కలనే నాటవలెను. అనుమానము కలిగిన వెంటనే వ్యవసాయాధికారులకు తెలుపవలెను. తిరుచిరాపల్లిలో జాతీయ అరటి పరిశోధన కేంద్రము కూడ కలదు.

పంటల తెగుళ్ళ నివారణకై 1919లోనే ఉమ్మడి మదరాసు రాజధానిలో చట్టము చేసిరి. నాడు తెలుగు జిల్లాలును అందులోనివే. 1960లో తిరుత్తణి ప్రాంతము ఇటు చేరినది. హద్దులు మారినను ఇరుప్రక్కల సేద్యము చేయువారిలో మన బంధువులు ఉన్నారు. తిరువళ్ళూరు జిల్లాలో తెలుగు రైతులున్న గ్రామములకు ఈ తెగులును గూర్చిన సూచనలను తెలుగులోను అచ్చువేయించి పంచవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము. చదువరాని హెచ్చరిక హెచ్చరిక కాదు.

మట్టికి భాష లేదు, ఎల్ల లేదు. పొరుగువాని తోటను కాపాడుటయే మన తోటను కాపాడుకొనుట. వర్తక సభ్యులు దీనిని తమ పద్దులలోని ఖర్చుగా గాక, తమ ధర్మముగా నెంచి వచ్చు సమావేశమున తీర్మానింతురని ఆశించుచున్నాము.