ఘాజీని ముందు చూసిందెవరు?

గూఢచారి బొమ్మ అంటే మన ఇళ్ళలో పెద్దలకూ పిల్లలకూ ఒకటే సరదా. 1966లో డూండీగారి ‘గూఢచారి 116’లో కృష్ణ తుపాకి పట్టుకుని వస్తే మా తండ్రిగారి తరం కుర్రకారు ఈలలు వేసింది. 2018లో అడివి శేష్ ‘గూఢచారి’ వచ్చినప్పుడు మా విద్యార్థులు వేశారు. నడుమ యాభైయేళ్ళలో కార్లు మారాయి, తుపాకులు మారాయి, ఈల మాత్రం అదే. ఎదుటివాడి గుట్టు మనకు తెలియాలి, మన గుట్టు వాడికి తెలియకూడదు. ఈ ఒక్క తాడు మీద నడిచే కథకు ఎన్నడూ గిరాకీ తగ్గదు. రావణుడు శుకసారణుల్ని వానరసేనలోకి పంపిన నాటినుంచీ ఉన్నదే ఇది.

ఇలాంటి కథ ఒకటి నిజంగానే మన ఉత్తరాంధ్ర వాకిట్లో జరిగింది. 1971 డిసెంబరులో విశాఖపట్నం ఎదుట సముద్రంలో ‘ఘాజీ’ అనే పాకిస్తాను జలాంతర్గామి, అందులోని 90 మందికి పైగా మనుషులతో సహా, మునిగిపోయింది. ఒక్కడూ బతికి బయటపడలేదు. దీన్ని ఆధారం చేసుకుని సంకల్ప్ రెడ్డిగారు తీసిన ‘ఘాజీ’ 2017 ఫిబ్రవరి 17న విడుదలయింది. ఆ సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమానం కూడా అందుకున్నది.

బొమ్మ బాగున్నది. ఈ మాట ముందుగా చెప్పవలసిందే. యుగళగీతాలు లేవు, నడుమ నడుమ వచ్చి నవ్వించిపోయే జంటలు లేవు. రెండు గంటల సేపు మనల్ని ఒక ఇనప గొట్టంలో కూర్చోబెట్టి ఊపిరి బిగబట్టించారు. పైనున్న అధికారి ఉత్తర్వు పాటించాలా, కళ్ళెదుట కనబడే ప్రమాదాన్ని చూసి సొంతబుద్ధితో నడవాలా అని కేకే మీనన్, రాణా, అతుల్ కులకర్ణి ముగ్గురూ మూడు రకాలుగా మథనపడతారు. మన తెలుగు తెరమీద అంత పొదుపైన సంభాషణలు విని చాలాకాలమైంది.

కానీ ఆ బొమ్మలో ఘాజీని వేటాడి ముంచేది మన జలాంతర్గామి. నిజంగా జరిగినదానిలో మన జలాంతర్గామి ప్రమేయమే లేదు. అది కల్పన అని తీసినవారే మొదట్లో తెరమీద ప్రకటించారు గనుక తప్పు వారిది కాదు. ఆ ప్రకటన పడేవేళకు మనం ఇంకా కుర్చీ నంబరు వెతుక్కుంటూ ఉంటాం! విశాఖపట్నం బీచిలో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ‘కురుసుర’ జలాంతర్గామి దగ్గర ఒక తండ్రి తన పిల్లవాడికి, “ఇదేరా ఘాజీని ముంచింది” అని చూపిస్తుండగా నేను చెవులారా విన్నాను. 1971 యుద్ధకాలంలో కురుసుర దేశానికి ఆవలి పక్కన, అరేబియా సముద్రంలో ఉన్నది.

మా తరగతిలో ఈ బొమ్మ గురించి మాట వచ్చిన రోజున, చింతపల్లి దీపస్తంభం వైపునుంచి వచ్చే ఒక జాలరి పిల్ల లేచి, “మేష్టారూ, ఈ కతలో మావోళ్ళు ఏరండీ?” అన్నది. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెప్పాలంటే అసలు కథ కొంచెం చెప్పాలి.

ఘాజీ పుట్టుకతో అమెరికాది, ‘డయాబ్లో’ దాని పాతపేరు. రెండవ ప్రపంచయుద్ధం నాటి ఆ నౌకను 1964లో అమెరికా పాకిస్తానుకు అద్దెకిచ్చింది. కరాచీలో బయలుదేరి, సింహళం చుట్టి, బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగల జలాంతర్గామి ఆనాడు పాకిస్తాను దగ్గర అదొక్కటే. 1971 నవంబరు 14న అది కరాచీ విడిచింది. దాని గురి మన విమానవాహక నౌక ‘విక్రాంత్’. వెయ్యిమందికి పైగా నావికులున్న ఓడ. తూర్పు పాకిస్తానుకు సముద్రపు దారి మూసివేయవలసిన పని ఆ ఓడమీదనే ఉన్నది. అది మునిగితే యుద్ధం ఏ మలుపు తిరిగేదో!

అప్పుడు విశాఖపట్నంలో తూర్పు నావికాదళాధిపతి వైస్ ఆడ్మిరల్ కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను గుట్టుగా అండమాను దీవుల వైపు పంపించివేసి, అది విశాఖపట్నం దగ్గరే ఉన్నదని శత్రువును నమ్మించడానికి పూనుకున్నారు. ‘రాజపుత్’ అనే ముసలి ఓడను, ఇక విరమింపజేద్దామనుకుంటున్న దాన్ని, సముద్రంలోకి పంపి విక్రాంత్ మాట్లాడినట్లే వైర్‌లెస్‌లో మాట్లాడించారు. ఊళ్ళో కాంట్రాక్టర్లకు కూరగాయలకూ మాంసానికీ పెద్ద పెద్ద ఆర్డర్లు ఇచ్చారు. అన్ని బుట్టల వంకాయలు ఎవరు తింటారు? పెద్ద ఓడ వచ్చి ఉంటుంది! బజారులో చెవులు పెట్టుకుని తిరిగే వేగులవాడికి ఆ లెక్క చాలు. ఇవికాక, విక్రాంత్‌లోని నావికుడొకడు జబ్బుపడిన తన తల్లి క్షేమం అడుగుతూ ఇచ్చినట్లుగా ఒక తంతి కూడా, రహస్యలిపి ఏమీ లేకుండా, అందరికీ దొరికేలా పంపించారు. ఈ సంగతులన్నీ కృష్ణన్‌గారే తరువాత వ్రాసుకున్నారు.

ఆ తంతి సంగతి చదివినప్పుడు నాకు ‘ముద్రారాక్షసం’ జ్ఞాపకం వచ్చింది. చాణక్యుడు ఒక లేఖ వ్రాయించి, రాక్షసమంత్రి ఉంగరంతో ముద్ర వేయించి, శత్రుకూటమి మొత్తాన్ని ఆ కాగితం ముక్కతో చీల్చివేస్తాడు. తమాషా ఏమంటే ఆ లేఖ వ్రాసిన శకటదాసుకు తాను ఏం వ్రాస్తున్నాడో తెలియదు. విశాఖపట్నంలో వంకాయలు తూచినవాడికీ తెలిసి ఉండదు. తెలియకుండానే దేశానికి వేగులవాళ్ళయిపోయారు పాపం! నిజమైన గూఢచర్యం ఇలాగే ఉంటుంది కాబోలు, కూరల బజారులో, తంతి కచేరీలో. నల్లకళ్ళద్దాలతో దానికి పనిలేదు. ‘ఘాజీ’ బొమ్మలో నాకు వెలితిగా తోచింది ఇదే. కథ మొత్తం నీటి అడుగుకు దిగిపోయి, గట్టుమీది ఊరు కనబడకుండా పోయింది.

సరే, ఘాజీ ఎలా మునిగింది? డిసెంబరు 3 అర్ధరాత్రి రాజపుత్ రేవు దాటుతుండగా నీటిలో అలజడి కనిపించి, నీటిలోపల పేలే బాంబులు రెండు వదిలింది, కొద్ది నిమిషాలకు పెద్ద పేలుడు వినిపించింది, అదే ఘాజీ అంతం అని మన నావికాదళం చెప్పే మాట. పాకిస్తాను వారు ఒప్పుకోరు. అది పరిచిన మందుపాతరే దానికి తగిలిందనో, లోపలే ఏదో పేలిందనో వారంటారు. మనవారిలోనూ ఏకాభిప్రాయం లేదు. ఆనాడు కలకత్తాలో తూర్పు సైన్యానికి ముఖ్య కార్యాధికారిగా ఉన్న జనరల్ జాకబ్, డిసెంబరు 3 ఉదయమే కృష్ణన్ తనకు టెలిఫోను చేసి, జలాంతర్గామి శిథిలాలు జాలర్లకు దొరికాయని చెప్పినట్లు వ్రాశారు. డిసెంబరు 3 ఉదయానికి యుద్ధమే మొదలుకాలేదు. అది ఆ సాయంత్రం మాట. జాకబ్ మాట నిజమైతే రాజపుత్ బాంబులు వేసే వేళకు ఘాజీ అడుగున పడి ఒక రోజు దాటింది.

ఎవరి మాట నిజమో తేల్చడానికి నేను చాలను. పోనీ కాగితాలు చూద్దామంటే, ఈ వ్యవహారానికి సంబంధించిన దస్తావేజులు తూర్పు నావికాదళం కచేరీలో ఏనాడో నాశనం చేశారని 2010లో పత్రికలు బయటపెట్టాయి. కాగితం ఖాళీ చేసిన పీటమీద బొమ్మ వచ్చి కూర్చున్నది. అంచేతనే బీచిలో ఆ తండ్రి తన కొడుక్కి అలా చెప్పాడు.

ఇప్పుడు ఆ జాలరి పిల్ల అడిగిన దాని దగ్గరకు రండి. ఎవరు చెప్పే కథలోనైనా ఘాజీ ఆనవాళ్ళను నీటిమీద మొదట చూసింది జాలర్లే. నావికాదళం కథలోనూ వారే, జాకబ్ కథలోనూ వారే. తగవంతా వారు చూసింది ఏ తెల్లవారి అనేదాని మీదనే ఉన్నది. ఇంతటి తగవుకు మూలసాక్షులైన మనుషుల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. ‘కొందరు జాలర్లు’ - అంతే. సేనాపతుల పేర్లున్నాయి, ఓడల పేర్లున్నాయి, ఆ ఓడల పాతపేర్లు కూడా ఉన్నాయి.

మన జాలర్లకు దేశాల తగవుల్లో ఇలా పేరు లేకుండా చిక్కుకోవడం కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నదని గొప్పగా చెప్పుకుంటాం. చేపలరేవు లేక అక్కడివారు గుజరాతు వెరావలుకు పోయి కూలికి వేటాడతారు. అలా పోయిన ఉత్తరాంధ్రవారు 22 మందిని 2018 నవంబరు చివర, తమ జలాల్లోకి వచ్చారని పాకిస్తాను పట్టుకుని కరాచీ జైలులో పెట్టింది. వారు లోపల ఉండగానే పుల్వామా అయింది, బాలకోట అయింది, కాశ్మీరు ప్రతిపత్తి మారింది. ఢిల్లీలో ఒక మాట అంటే, ఇస్లామాబాదులో మరొక మాట అంటే, ఎచ్చెర్ల మండలంలో ఒక ఇంటి పొయ్యి వెలగకపోవడం! కడకు 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో 20 మందిని వదిలారు, మిగిలిన ఇద్దరూ ఆనక వచ్చారు. ఈ సంగతిని ఆధారం చేసుకుని చందూ మొండేటిగారు తీసిన ‘తండేల్’ 2025 ఫిబ్రవరిలో వచ్చింది. ప్రేమకథ పాలు ఎక్కువయిందని పెదవి విరిచినవారున్నారు. నాకు మాత్రం, తండేలు అంటే పడవమీద పెద్ద అని రాష్ట్రమంతా తెలుసుకోవడమే సంతోషమనిపించింది.

ఆ విడుదలకు కొద్దిరోజుల ముందే, 2019 డిసెంబరులో, శత్రువుకు కబుర్లు చేరవేశారని ఏడుగురు నావికుల్ని మన రాష్ట్ర పోలీసులు అరెస్టు చేశారు. ఫేసుబుక్కులో ఆడపేర్లతో వల వేశారట. 1971లో మనం పంపిన దొంగ తంతికి ఎదుటివాడు ఇప్పటి పద్ధతిలో బదులు చెప్పాడన్నమాట. మా జిల్లాల్లో సైన్యంలోనో నావికాదళంలోనో కొడుకు లేని వీధి అరుదు గనుక, ఆ వార్త చదివిన రోజున చాలా ఇళ్ళలో తల్లులు ఫోను చేసి, “ఎవరితో మాట్లాడుతున్నావురా?” అని అడిగే ఉంటారు.

మళ్ళీ ఘాజీ. 1971లో ఇరవై యేళ్ళ జాలరి ఇప్పుడు డెబ్బై అయిదుకు అటూ ఇటూగా ఉంటాడు. మా తీరం నుంచి విశాఖపట్నం రేవుకు వేటకు పోయినవారు, అక్కడే స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. ఆ తెల్లవారి నీటిమీద నూనె తెట్టెను, తేలుతున్న సామానును చూసినవారో, చూసినవారి నోట విన్నవారో ఇంకా కొందరుండాలి. అందుకని ఈ సంక్రాంతి సెలవుల్లో తీరగ్రామాల పిల్లలను, తమ ఊళ్ళలో పెద్దవారిని అడిగి వారి మాటల్లోనే వ్రాసుకురమ్మన్నాను. పేరూ, ఊరూ మొదటి వరుసలో ఉండాలన్నాను.

తారీఖు అడగవద్దని కూడా చెప్పాను. ఇంగ్లీషు తారీఖు వారి లెక్క కాదు, అడిగితే మన ముఖం చూసి ఏదో ఒకటి చెబుతారు. పంచాంగం లెక్కకట్టి చూస్తే ఆ ఏడు మార్గశిర పున్నమి సరిగ్గా డిసెంబరు 2న పడింది. సముద్రం మీద బతికేవాడు పున్నమిని మరిచిపోడు. జాకబ్ చెప్పినట్లయితే అది పున్నమి వెళ్ళిన మర్నాటి ఉదయం, నావికాదళం చెప్పినట్లయితే మరొక రోజో రెండు రోజులో గడిచిన తరువాత.

ఆ జాలరి పిల్ల తన నోటుపుస్తకంలో వ్రాసుకున్న మొదటి ప్రశ్న నేను చూశాను. ‘ఆ ఏకువ వల ఏసినప్పుడు సెంద్రుడు ఏ పక్కనున్నాడు తాతా?’